చతుర్థీ విభక్తిలో కుర్చీ

జర్మన్ పరీక్ష తప్పినప్పుడు నేను ఏడవలేదు, మండిపడ్డాను. తప్పు నాది కాదు, ఆ భాషదేనని నా గట్టి నమ్మకం. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా పనిచేస్తూ, బందరు నుంచి పొద్దున్న బండిలో వెళ్ళి సాయంత్రం బండిలో తిరిగి వచ్చేదాన్ని. అరవైల మొదట్లో మా శాస్త్రంలో పరిశోధన చెయ్యాలంటే జర్మన్ వచ్చి తీరాలనేవారు. ఆ పరీక్ష గట్టెక్కితేనే యూనివర్సిటీలో సీటు. పది ఇంగ్లీషు వాక్యాలిచ్చి జర్మన్‌లోకి మార్చమన్నారు. పదిలో ఏడు తప్పు రాశాను. ఏడూ ఒకే రకం తప్పులు.

ఆ రకమేమిటో చెప్పాలి. మనం "బల్ల మీద" అంటాం. వాళ్ళు "మీద బల్ల" అంటారు. అంతవరకూ సరే, ఇంగ్లీషువాళ్ళూ అంతే కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ జర్మన్‌లో ఆ "మీద" అన్న మాట రాగానే దాని వెనకున్న బల్ల విభక్తి మార్చుకోవాలి. కొన్ని మాటల తర్వాత ఎప్పుడూ ద్వితీయా విభక్తే, కొన్నిటి తర్వాత ఎప్పుడూ చతుర్థే. వీటిని బట్టీ పడితే పట్టుబడతాయి. ఇవి కాక ఇంకో తొమ్మిది ఉన్నాయి. లో, మీద, కింద, ముందు, వెనక, పక్కన లాంటివి. ఇవి ఆ గట్టునా ఉంటాయి, ఈ గట్టునా ఉంటాయి. వాక్యంలో కదలిక ఉంటే ద్వితీయ, కదలకుండా ఉంటే చతుర్థి. పుల్లింగమైతే ద్వితీయలో "డెన్" అనాలి, చతుర్థిలో "డెమ్" అనాలి. పెదాలు మూశామా లేదా అన్నదాని మీద నా సీటు ఆధారపడి ఉంది.

మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. నేను తప్పినందుకు ఆయనేమీ అనలేదు గానీ, ఆ భాషలో విభక్తులు మొత్తం నాలుగేనని తెలిసి చాలా జాలిపడ్డారు. "ఎనిమిదిట్లో మిగతా నాలుగూ ఏ గంగలో కలిపారే?" అన్నారు. "ఇన్ డెమ్" అన్న రెండు మాటలూ కలిసి "ఇమ్" అవుతాయని చెప్పేసరికి మాత్రం ఆయన మొహం విప్పారింది. "సంధి ఉందన్నమాట. అయితే ఫరవాలేదు, పెద్దమనుషుల భాషే" అన్నారు. ఆ మర్నాటి నుంచి గడ్డం గీసుకుంటూ నాచేత వల్లె వేయించడం మొదలుపెట్టారు. అవుస్, బై, మిట్, నాఖ్, జైట్, ఫోన్, త్సూ. ఈ ఏడూ చతుర్థి. రామశబ్దం వరసలో పెడితే భలే కుదిరాయి. వారం తిరిగేసరికి మా వీధిలో పాలు పోసే ఆవిడకి కూడా వచ్చేశాయి. ఆ తొమ్మిది మాత్రం లొంగలేదు.

"నీ భాషలోనే ఉంది కదే" అనేవారు నాన్నగారు. "వంటింట్లో ఉంది అంటే చతుర్థి, వంటింట్లోకి వెళ్ళింది అంటే ద్వితీయ. దానికింత రాద్ధాంతం దేనికి?"

నిజానికి ఆ లెక్కనే నమ్ముకుని పరీక్ష రాసి మునిగాను. మనం పుస్తకాన్ని బల్ల మీద పెడతాం, బల్ల మీదికి పెట్టం. కుర్చీలో కూర్చుంటాం, కుర్చీలోకి కూర్చోం. పెట్టడం, తగిలించడం, కూర్చోబోవడం ఇవన్నీ జర్మన్‌వాడికి కదలికలు. మనకి అవి అయిపోయిన పనులు. నా ఏడు తప్పులూ తెలుగు ఇంట్లో పుట్టిన ఎవరైనా చేసే తప్పులేనని నాన్నగారితో వాదించాను. "పేపరు దిద్దేవాడు తెలుగు ఇంట్లో పుట్టలేదుగా" అని ఆయన గడ్డం కడుక్కున్నారు.

ఆ వేసవి సెలవులకి దివిసీమలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా బావ అవనిగడ్డలో లెక్కల మేష్టారు. బస్సు పులిగడ్డ అక్విడక్టు దాటుతున్నప్పుడు కూడా నా ఒళ్ళో జర్మన్ పుస్తకమే ఉంది. ఆ పూట భోజనాల దగ్గర బావ దాన్ని తిరగేసి, "ఇది మా ఊళ్ళో గేదెలకి వచ్చు" అన్నాడు. వేళాకోళమనుకుని ఊరుకున్నాను.

"నిజమేనే. కరకట్ట పక్కన మిలటరీ ఆయన ఉన్నాడు. గేదెల్ని ఈ భాషలోనే అదిలిస్తాడు. రేపు తీసుకెళ్తాను, చూద్దువుగాని" అన్నాడు.

తీసుకెళ్ళాడు. కరకట్ట దిగువన తాటాకు ఇల్లు, పక్కన గేదెల కొట్టం. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని మినుములు చెరుగుతోంది. నలభై దాటిన మనిషి ఒకాయన ఎండుగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని కొట్టంలోకి వెళ్తూ ఒక గేదెని ఏదో అన్నారు. గేదె బుద్ధిగా పక్కకి జరిగింది. ఆయన అన్నది నాకు అర్థమైంది. "గోడ పక్కకి పో" అన్నారు జర్మన్‌లో. విభక్తి ద్వితీయ, నూటికి నూరు పాళ్ళు సరైనది. నాకు రాని విభక్తి ఆ గేదెకి వచ్చని ఒక్క క్షణం రోషం కూడా వచ్చింది.

ఆయన్ని నేను మొదటి రోజు నుంచే బాబాయిగారూ అని పిలిచాను. రెండో ప్రపంచ యుద్ధంలో మిలటరీ లారీ నడుపుతూ ఆయన ఆఫ్రికా ఎడారిలో పట్టుబడ్డారట. అక్కణ్ణుంచి ఇటలీ, ఇటలీ నుంచి జర్మనీ. అక్కడ ఖైదీలని పగలంతా పల్లెల్లో పొలం పనికి పంపేవారు. రెండేళ్ళపాటు ఈయన్ని ఒకే ఇంటికి పంపారు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ఆడమనిషి. భర్త పోయాడు, ఒక్కగానొక్క కొడుకుని రష్యా మీదికి యుద్ధానికి పంపించారు. ఈయనకి వచ్చిన జర్మనంతా ఆవిడ నోటి నుంచి విని పట్టుకున్నదే.

"నాకు చదవటం రాదమ్మాయ్" అన్నారు ముందే. "మాటే వచ్చు. అది కూడా పని చేస్తంటేనే వచ్చుద్ది."

ఆ మాట అక్షరాలా నిజమని రెండో రోజుకి తెలిసింది. అరుగు మీద కూర్చోబెట్టి "కొట్టంలోకి అంటే ఏమంటారు, కొట్టంలో అంటే ఏమంటారు?" అని అడిగితే ఆయన బుర్ర గోక్కునేవారు. లేచి గడ్డి మోపు చేతిలోకి తీసుకుంటే చాలు, "ఇన్ డెన్ ష్టాల్" అని దానంతట అదే వచ్చేది. కొట్టంలో నిలబడి గేదె వీపు మీద చెయ్యేస్తే "ఇమ్ ష్టాల్" అనేవారు. కుడితి తొట్లో పోస్తే ఒక మాట, గేదె తొట్టి ముందు నిలబడితే ఇంకో మాట. ఎందుకలా అంటే "ఎందుకో నాకేం తెల్సు, ఆవిడ అట్టా అనేది" అనేవారు. దాంతో నా చదువంతా ఆయన వెనక నోటుబుక్కు పట్టుకుని పరిగెత్తడమే అయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పేడలో నడిచాను. పుస్తకం బల్ల మీద పెట్టినట్టు కాదు, గంప దించి నేల మీద పెట్టినప్పుడు నడుములో తెలుస్తుంది అది కదలికో కాదో. మూడు వారాల్లో నాకు మీద, కింద, ముందు, పక్కన అనే అవుఫ్, ఉంటర్, ఫోర్, నేబెన్ అన్నీ ఒంట్లోకి దిగాయి.

ఆ ముసలావిడ ఆయన తల్లి. అందరూ మామ్మ అనేవారు, నేనూ అన్నాను. మా పాఠాలు ఆవిడకి మంచి కాలక్షేపం. "ఆ గొడ్లని ఏంటేంటో తిట్టటం ఈ పిల్లకెందుకు నేర్పుతున్నావురా?" అని కొడుకుని కోప్పడేది. జర్మన్‌లో ఏ మాట విన్నా అది తిట్టేనని ఆవిడ అభిప్రాయం.

సెలవులు అయిపోవచ్చాయి. గురుదక్షిణ ఏమివ్వాలని బావచేత అడిగించాను. బాబాయిగారు లోపలికి వెళ్ళి పొగాకు డబ్బా ఒకటి తెచ్చారు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క ఉంది. పెన్సిలుతో రాసిన అడ్రసు. ఆవిడ రాసిచ్చిందట, ఇంటికి చేరాక ఉత్తరం రాయమని. ఈయన సరేనన్నారు. అది జరిగి పదహారేళ్ళు దాటింది.

"ఒక ఉత్తరం రాసిపెట్టమ్మాయ్" అన్నారు. "నేను చేరానని రాయి. ఇంకొకటి అడగాలి."

అడగవలసింది ఏమిటో చెప్పడానికి ఆయనకి ఆ పూటంతా పట్టింది. ఆ ఇంట్లో పొయ్యి పక్కన ఒక కుర్చీ ఉండేదట. అది కొడుకుది. అతను యుద్ధానికి వెళ్ళాక ఆవిడ అందులో ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఈయనకి చలికాలంలో కాళ్ళు పగిలిపోతుంటే కొడుకు బూట్లు తీసి ఇచ్చింది. కొడుకు కోటు ఇచ్చింది. కాపలావాడు చూడనప్పుడు బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టినట్టే రొట్టె పెట్టింది. ఈయన తింటుంటే ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ. యుద్ధం ఆఖర్లో ఖైదీలందర్నీ ఉన్నపళంగా ఇంకోచోటికి తోలుకుపోయారు. అప్పటికి ఆ కొడుకు దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయి ఏడాది.

"వాడి బూట్లేసుకుని, వాడి కోటేసుకుని, వాడి కుర్చీకి ఎదురుగా కూర్చుని తిన్నాను. వాడు తిరిగొచ్చాడో లేదో నాకు తెలవాలా వద్దా? నాకింకే దిగులూ లేదమ్మాయ్. ఇదొక్కటే" అన్నారు.

"దానికేముంది, 'మీ అబ్బాయి తిరిగొచ్చాడా?' అని అడిగేద్దాం. నాలుగు మాటలు" అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "ఆ మాట తల్లినా అడిగేది? రాకపోతే? తథాస్తు దేవతలుంటారు" అన్నారు.

"తథాస్తు దేవతలకి జర్మన్ రాదు బాబాయిగారూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. మనవైపు ఇటువంటివి ఎలా అడగాలో అలాగే అడగాలన్నారు. నేరుగా ఎత్తకూడదు. ఇంట్లో అందరూ కులాసానా అని, భోజనాలకి ఎంతమంది కూర్చుంటున్నారని, చుట్టు తిప్పి కనుక్కోవాలి. చివరికి ఆయనే ఒక వాక్యం ఖాయం చేశారు. "పొయ్యి పక్క కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?" కొడుకు వస్తే వాడే కూర్చుంటాడు. రాకపోతే ఆవిడ ఆ ప్రశ్న చదివీ చదవనట్టు వదిలేస్తుంది. ఎవరి నోటా చెడుమాట రాదు. వినగా వినగా నాకూ ముచ్చటేసింది.

ఇక ఆ వాక్యం మీద మేమిద్దరం పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. కూర్చుంటున్నాడంటే కూర్చోబోతున్నాడా, కూర్చుని ఉన్నాడా? ష్టూల్ అంటే వాళ్ళ కుర్చీ. కూర్చోబోతుంటే "డెన్ ష్టూల్", కూర్చుని ఉంటే "డెమ్ ష్టూల్". తెలుగులో రెండిటికీ ఒకటే మాట. బాబాయిగారు అరుగు మీదున్న పీట తెచ్చి, దాని మీద కూర్చుంటూ ఒకసారి, కూర్చున్నాక ఒకసారి అని చూశారు. పడుతూ లేస్తూ ఆయన అలా పదిసార్లు చేసేసరికి మామ్మ చేట పక్కనపెట్టి, "వీడికి నడుం పట్టిందా ఏందమ్మా?" అంది. ఆఖరికి చతుర్థి అని తేలింది. అవుఫ్ డెమ్ ష్టూల్, నేబెన్ డెమ్ ఓఫెన్. కుర్చీ చతుర్థి, పొయ్యి కూడా చతుర్థి. ఆ వాక్యాన్ని నేను పుస్తకంతో మూడుసార్లు సరిచూశాను. అందులో ఏ పండితుడూ తప్పు పట్టలేడు.

మిగతా ఉత్తరం సులువుగానే అయింది. క్షేమంగా చేరానని, పెళ్ళయిందని, పిల్లలున్నారని, అయిదు గేదెలున్నాయని. కాగితం నాలుగు మూలలా బాబాయిగారు పసుపు అద్దారు. ఎయిర్‌మెయిల్ కవరులో పెట్టి అవనిగడ్డ పోస్టాఫీసులో వేసి, నేను బందరు వచ్చేశాను.

వర్షాకాలంలో పరీక్ష మళ్ళీ రాశాను. మధ్యలో ఒక వాక్యం దగ్గర అనుమానమొచ్చి, లేని గడ్డి మోపుని ఉన్నట్టు ఎత్తి, లేని గేదె ముందు వేసి చూసుకున్నాను. కాపలా ఉన్న లెక్చరరు గబగబా వచ్చి నా బల్ల కింద, చేతుల్లో వెతికి, ఏమీ దొరక్క తెల్లమొహం వేసి వెళ్ళారు. పాసయ్యాను. నాన్నగారు వీధిలో అందరికీ చెప్పుకుని, ఘనతంతా రామశబ్దానిదే అన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకి, ఒక మధ్యాహ్నం గుడివాడ కాలేజీ ల్యాబులో ఉన్నాను. కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసే గ్యాసుతో కుర్రాళ్ళు ప్రయోగం చేస్తున్నారు. గుమ్మంలో బాబాయిగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ పంచె, భుజాన తువ్వాలు, చేతిలో విదేశీ స్టాంపులున్న కవరు. అవనిగడ్డలో పొద్దున్నే బస్సెక్కి, బందరులో రైలెక్కి వచ్చారు. కవరు చింపనేలేదు. కిటికీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

నాలుగు పేజీల ఉత్తరం. ఆవిడ సొంత దస్తూరీ. ఈయన బతికి ఉన్నందుకు చర్చిలో కొవ్వొత్తి వెలిగించిందట. కొట్టానికి కొత్త కప్పు వేయించిందట. గోధుమ ఎలా పండిందో, ఏ ఆవు ఈనిందో, పక్కింటివాళ్ళ కంచె గొడవ ఎంతవరకూ వచ్చిందో అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీలో అసలు సంగతి వచ్చింది. "పొయ్యి పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారని అడిగారు. పిల్లి కూర్చుంటోంది. ముసలిదైపోయింది, చలికి ఓర్చుకోలేదు." అంతే. దాని కింద సంతకం.

కొడుకు మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. లేదు.

ఎవరినీ కూర్చోనివ్వని కుర్చీలో పిల్లిని కూర్చోనిచ్చిందంటే ఇక ఎవరికోసమూ అట్టేపెట్టడం లేదన్నమాటే కదా. "అయిపోయిందమ్మాయ్" అన్నారు బాబాయిగారు నెమ్మదిగా.

నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఆయన మీదో, ఆవిడ మీదో, పిల్లి మీదో నాకే తెలియదు. "నేను ముందే చెప్పాను, సూటిగా అడగమని. కుర్చీలో ఎవరున్నారని మనం అడిగాం, ఎవరున్నారో ఆవిడ చెప్పింది. వాళ్ళకి చుట్టు తిప్పి అడగడాలు తెలియవు" అని గట్టిగానే అన్నాను. కుర్రాళ్ళు పరీక్షనాళికలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన తల వంచుకున్నారు. వెంటనే సిగ్గేసింది. విభక్తి కోసం అన్నన్ని తంటాలు పడ్డ నేను, ఆ ప్రశ్న అవతలి మనిషికి అర్థమవుతుందా అని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ ముచ్చటలో నేనూ పడ్డాను కదా.

"ఇంకో ఉత్తరం రాద్దాం. ఈసారి నేను రాస్తాను" అన్నాను.

ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి లేచి, "నేను బయట కుళాయి దగ్గర ఉంటాను. నువ్వు రాసి అతికించెయ్యి. నాకు వినిపించబాక" అన్నారు. నేను ల్యాబు కాగితం మీదే రాశాను. మీ అబ్బాయి ఇంటికి తిరిగి వచ్చాడా? దయచేసి ఉన్నదున్నట్టు రాయండి. ఇద్దరం కలిసి పోస్టాఫీసుకి వెళ్ళాం. డబ్బాలో వేసేటప్పుడు ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

జవాబు కోసం ఎదురుచూసిన ఆ రెండు నెలలూ నాకు తిండి సయించలేదంటే అబద్ధం. బాగానే తిన్నాను. కానీ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ కుర్చీ గుర్తొచ్చేది. నేను అడిగిన తీరు మరీ మొరటుగా ఉందేమో, ఆ తల్లి నొచ్చుకుందేమో అనిపించేది. వరి కోతల రోజుల్లో బావ దగ్గర్నుంచి కార్డొచ్చింది. "మిలటరీ ఆయనకి ఉత్తరం వచ్చింది. ఆయన తెరవడు, ఇంకొకర్ని తెరవనివ్వడు. నువ్వు వెంటనే రా."

ఆదివారం వెళ్ళాను. కవరు దేవుడి పటం వెనక ఉంది. నాలుగు రోజులుగా అక్కడే ఉందట. బాబాయిగారు దాన్ని నా చేతిలో పెట్టి గుంజకి ఆనుకుని నిలబడ్డారు. మామ్మ అరుగు చివర కాళ్ళు చాపుకుని కూర్చుంది. కవరు చింపాను. దస్తూరీ ఆవిడది కాదు. పెద్ద పెద్ద అక్షరాలు, రాయడం అంతగా అలవాటు లేని మగచెయ్యి. మొదటి వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత తెలుగులో చెప్పాను.

"'మీరు అడిగిన మనిషిని నేనే' అని ఉంది బాబాయిగారూ."

ఆయన గుంజ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు.

మిగతాదంతా చదివాను. యుద్ధం అయిన నాలుగేళ్ళకి రష్యావాళ్ళు ఖైదు నుంచి వదిలిపెడితే స్టేషను నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాడట. రష్యా చలికి కాలివేళ్ళు మూడు పోయాయి. "నా పాత బూట్లు నాకెలాగూ పట్టవు. మీరు వేసుకుని అరగదీసినందుకు సంతోషం" అని రాశాడు. మరి కుర్చీలో పిల్లి ఎందుకుందంటే, అతను పెళ్ళి చేసుకుని రెండూళ్ళ అవతల భార్య వాళ్ళ పొలం చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

"ఇల్లరికం వెళ్ళాడు బాబాయిగారూ" అన్నాను.

అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి ఒక్కసారి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఏడ్చారు. ఒక్కగానొక్క కొడుకు ఇల్లరికం వెళ్ళాడని తల్లికి కోపం, అందుకే ఎవరికి ఉత్తరం రాసినా తన ఊసెత్తదని అతనే రాశాడు. ఆదివారం ఆదివారం వెళ్తాడట, వెళ్తే బెంచీ మీద కూర్చుంటాడట, పిల్లి లేవదు కాబట్టి. "ఆవిడ అంతే, అంత పట్టుదల మనిషే" అంటూ బాబాయిగారు కళ్ళు తుడుచుకున్నారు. పదహారేళ్ళ దిగులు ఒక మనిషి మొహం మీద నుంచి దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. నా జన్మలో అంత సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఉత్తరం అడుగున ఒక్క వాక్యం మిగిలింది. అది ఆవిడ దస్తూరీ. జర్మన్‌లోనే పైకి చదివాను. బాబాయిగారి నవ్వు ఆగిపోయింది. తల అడ్డంగా ఊపుతూ, చెప్పొద్దని నాకు సైగ చేశారు.

"ఏందంట?" అంది మామ్మ.

"ఏం లేదమ్మా. నిన్ను అడిగానని చెప్పమంది" అన్నారాయన.

అది కాదు అక్కడున్నది. దిష్టి తగులుతుందని ఆయన మొదటి ఉత్తరంలో తల్లి ప్రసక్తి రానివ్వలేదు. ఆ ఇంట్లో రొట్టె తింటూ రెండేళ్ళపాటు అమ్మ గురించే చెప్పిన మనిషి, ఉత్తరంలో అమ్మ మాటే ఎత్తకపోతే ఆ తల్లి ఏమనుకోవాలి? మా ఇద్దరికీ అది తట్టలేదు. ఇక నేను ఆగలేకపోయాను.

"కాదు మామ్మా. 'మీ అమ్మ బతికే ఉందా?' అని అడుగుతోంది" అన్నాను.

బాబాయిగారు చెవులు మూసుకున్నారు. మామ్మ నావైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"ఆవిడకీ నా ఈడే ఉంటదా?" అంది.

"కొంచెం అటూఇటూగా ఉంటుంది మామ్మా."

"పాపం, ఇన్నేళ్ళూ నన్ను తలుచుకుంటానే ఉందన్నమాట" అని చీరకొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. "ఉన్నానని రాయి. నువ్వే రాయమ్మాయ్, వీడిచేత చెప్పించుకోబాక. వీడి మాటల్లో రాస్తే నేను పోయాననుకుంటది ఆ పిచ్చితల్లి."